కరెంటు పెట్టిన తరువాత కణంలో జరిగే మరమ్మతు



ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ అని తేలి, డాక్టరుగారు రేడియేషన్ చికిత్స ఇవ్వాలంటే, మన పల్లెల్లో దాన్ని "కరెంటు పెట్టడం" అంటారు. నిజానికి అది కరెంటు కాదు, కంటికి కనబడని కిరణాలు. వారానికి అయిదు రోజుల చొప్పున అయిదారు వారాలు రావాలని చెప్పేసరికి కుటుంబమంతా దిగులుపడుతుంది. "ఒక్కసారే గట్టిగా పెట్టి పంపించేస్తే పోదా? కొద్ది నిమిషాల పనికి ఇన్నిసార్లు తిప్పడమెందుకు?" అనుకుంటారు. బస్సు ఛార్జీలు, కూలి పోవడం, కోతల రోజులు, ఇవన్నీ చూసుకుని సగంలో మానేసేవారూ ఉన్నారు. ఆ ప్రశ్నకు జవాబు ఆసుపత్రి యంత్రంలో కంటే మన శరీర కణంలోనే ఎక్కువగా ఉంది.

కణం లోపల డి.ఎన్.ఏ. అనే సన్నని పదార్థం ఉంటుంది. అది మెలితిరిగిన నిచ్చెనలా ఉంటుంది. తండ్రి నుండి ఒక ప్రతి, తల్లి నుండి ఒక ప్రతి మనకు వస్తాయి. ఒక్కొక్క ప్రతిలో సుమారు 300 కోట్ల మెట్లు ఉన్నాయి. ఒక్క కణంలోని డి.ఎన్.ఏ.ను విప్పి చాపితే దాదాపు 2 మీటర్ల పొడవు వస్తుంది. కణం ఏ పని చేయాలో, ఎప్పుడు రెండుగా చీలాలో ఆ మెట్ల వరుసలోనే రాసి ఉంది.

కిరణాలు తగిలినప్పుడు ఈ నిచ్చెన తెగుతుంది. కిరణాల మోతాదును గ్రే అనే కొలతతో చెబుతారు. ఒక గ్రే పడితే ఒక్కొక్క కణంలో సుమారు 1,000 చోట్ల నిచ్చెనకు ఒక పక్క నిలువు కర్ర విరుగుతుంది. కొన్ని పదుల చోట్ల రెండు కర్రలూ విరిగి నిచ్చెన పూర్తిగా తెగిపోతుంది. చికిత్సలో సాధారణంగా రోజుకు 2 గ్రేల వరకు ఇస్తారు. అంత దెబ్బ తగిలినా మంచి కణాల్లో ఎక్కువ భాగం మరునాటికి కోలుకుంటాయి. ఎలాగంటారా?

నెహెమ్యా యెరూషలేము ప్రాకారమును కట్టించడానికి ముందు రాత్రివేళ తిరిగి, ఎక్కడెక్కడ పడిపోయిందో చూసుకున్నాడు. పని జరిగేటప్పుడు బూర ఊదేవానిని తన దగ్గర ఉంచుకున్నాడు. కణంలోనూ ఇటువంటి ఏర్పాటు ఉంది. తెగిన చోటును వెదికి పట్టే ప్రోటీన్లు కొన్ని. ప్రమాదమని కణమంతటికీ తెలియజేసేవి కొన్ని. ఆ హెచ్చరిక అందగానే కణం రెండుగా చీలే పనిని ఆపుకుంటుంది. ముందు మరమ్మతు, తరువాతే విభజన.

ఒక కర్ర మాత్రమే విరిగితే పని తేలిక. ఎదుటి కర్ర చెడకుండా ఉంది కనుక దాన్ని చూసి సరిచేస్తుంది. రెండూ తెగితే రెండు మార్గాలున్నాయి. మొదటిది, తెగిన కొసలను పట్టుకుని అతికించడం. ఇది త్వరగా అవుతుంది గాని ఒకటి రెండు అక్షరాలు పోవచ్చు. రెండవది, కణం విభజనకు ముందు తయారు చేసుకున్న మరొక ప్రతిని చూసి పోయిన భాగాన్ని తిరిగి రాసుకోవడం. చినిగిన బైబిలు పేజీలోని మాటలను పక్కవారి బైబిలు చూసి నింపుకున్నట్టే. మరమ్మతు సాధ్యం కాకపోతే, చెడిన రాతను పిల్ల కణాలకు అందించకుండా ఆ కణం తనంతట తానే చనిపోతుంది కూడా.

క్యాన్సర్ కణాల సంగతి వేరు. వాటిలో చాలావాటికి ఈ ఏర్పాటు దెబ్బతిని ఉంటుంది. హెచ్చరిక అందినా ఆగవు. తెగిన నిచ్చెనతోనే చీలబోయి నశిస్తాయి. మంచి కణంలో మరమ్మతు చాలావరకు కొన్ని గంటల్లో ముగుస్తుంది. నేటి విడతకూ రేపటి విడతకూ మధ్య విరామం అందుకే.

1920లలో పారిస్‌లో క్లాడ్ రెగో అనే శాస్త్రవేత్త పొట్టేళ్లపై చేసిన ప్రయోగాల్లో దీన్ని గమనించాడు. కిరణాలను ఒకేసారి ఇస్తే చర్మం తీవ్రంగా పాడయ్యేది. విడతలుగా ఇస్తే లోపల వేగంగా విభజన చెందే వీర్యకణాల తయారీ ఆగిపోయింది గాని చర్మం నిలిచింది. 1959లో మోర్టిమర్ ఎల్‌కిండ్, హ్యారియట్ సటన్ అనేవారు విడతల మధ్య కణాలు కోలుకుంటాయని చూపారు. డి.ఎన్.ఏ. మరమ్మతు విధానాలను వివరించిన తోమాస్ లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సంజార్‌లకు 2015లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చింది.

కాబట్టి చికిత్సలో ఉన్నవారు ఈ సంగతులు గుర్తుంచుకోవాలి. డాక్టరు ఇచ్చిన విరామం లెక్క ప్రకారం ఇచ్చినది. మనంతట మనం మానుకున్న రోజులు ఆ లెక్కలో లేవు. ఆ ఖాళీలో మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పెరుగుతాయి. నొప్పి, పుండ్లు, నీరసం ఎక్కువైతే ఇంట్లో కూర్చోక డాక్టరుకు చెప్పాలి. కొన్ని క్యాన్సర్లకు ఇప్పుడు మూడు వారాల చికిత్స కూడా ఉంది గాని, అది నిర్ణయించవలసినది వైద్యులే. బయటి యంత్రంతో చికిత్స పొందినవారి ఒంట్లో కిరణాలు మిగిలి ఉండవు. వారు పసిపిల్లలను ఎత్తుకోవచ్చు, అందరితో కలిసి భోజనం చేయవచ్చు. వారిని దూరంగా ఉంచడం అన్యాయం.

"ప్రార్థన చేస్తున్నాం కదా, ఇక ఆసుపత్రి ఎందుకు?" అనేవారూ మనలో ఉన్నారు. రాత్రి మనం నిద్రపోతుండగా ప్రతి కణంలోనూ తెగినదాన్ని అతికే పనివారిని ఉంచినది ఎవరు? చికిత్సకు వెళ్లడం ఆ సృష్టికర్తను నమ్మకపోవడం కాదు, ఆయన ఏర్పాటుకు సమయమివ్వడం.

సంఘమునకూ ఇందులో పని ఉంది. నెహెమ్యా దినాల్లో అనేకులు తమ తమ ఇండ్లకు ఎదురుగా ఉన్న భాగాన్ని బాగుచేశారు. మీ సంఘంలో ఒకరికి కరెంటు పెడుతుంటే, ఆ అయిదారు వారాలు ఎవరు తోడు వెళ్లాలి, బస్సు ఛార్జీకి ఎంత కావాలి, వారి పశువులను, పిల్లలను ఎవరు చూడాలి అని ఆదివారం ఆరాధన తరువాత కూర్చుని మాట్లాడుకోండి. ఒక్క రోజు కూడా తప్పకుండా వారిని పంపండి.