బొమ్మలు గీసుకుంటే నామోషీనా?

మెడిసిన్ చదివే పిల్లలు రోగాల్ని బొమ్మలతో గుర్తుపెట్టుకుంటే "ఎంత తెలివో" అని మెచ్చుకుంటాం. అదే పని ఇంట్లో ఆడవాళ్ళు చేస్తే "చిన్నపిల్లల ఆటలు" అని నవ్వుతారు. ఇదేం న్యాయమండీ? ఇంటిల్లిపాదిలో ఎవరికి దురద పుట్టినా ముందు చూపించేది మనకే. ఏ క్రీము రాయాలో తేల్చేదీ చాలా ఇళ్ళల్లో మనమే. ఆ చదువు మనకెందుకు అక్కర్లేదు?

తామర సంగతే చూడండి. "గజ్జీ తామరా" అని రెంటినీ ఒకే గాటన కట్టేస్తాం. గజ్జి కంటికి ఆనని చిన్న పురుగు వల్ల వస్తుంది. తామర ఫంగస్, అంటే బూజు జాతిది. ఇంగ్లీషులో రింగ్‌వార్మ్ అన్నా అందులో ఏ పురుగూ లేదు. ఇవన్నీ పేరాలుగా చదివితే సాయంత్రానికి మర్చిపోతాం. అందుకే నేను నాలుగు బొమ్మలు పెట్టుకున్నాను.

ఒకటి, ఎర్ర గాజు. తామర మచ్చ తరచుగా అలాగే ఉంటుంది: అంచు ఎర్రగా, కాస్త ఉబ్బెత్తుగా, మధ్యలో తేటగా.

రెండు, బూజు పట్టిన ఆవకాయ జాడీ. తడి గరిటె పెడితే ఏమవుతుందో మనకొకరు చెప్పాలా? చెమటకి నానిన లంగా బొందు కింద, సరిగా ఆరని లోదుస్తుల కింద ఒంటికీ అంతే.

మూడు, ఇంట్లో నలుగురూ తుడుచుకునే ఒకే తువ్వాలు. ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకునే దారి అది.

నాలుగు, రబ్బరుతో సగం చెరిపిన సున్నా. అసలు ముఖ్యమైనది ఇదే. క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్ కలిసిన క్రీము రాస్తే దురద, ఎరుపు తగ్గి హాయిగా ఉంటుంది. గాజు ఆకారం చెరిగిపోతుంది. ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది. తర్వాత చూసే డాక్టరుకి కూడా పోల్చుకోవడం కష్టమవుతుంది. ఇలాంటి క్రీములు కొన్నింటిని చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. ఇప్పటికీ దురద అని అడిగితే ట్యూబు చేతిలో పెట్టే షాపులున్నాయి.

"బొమ్మలు గీస్తే డాక్టర్లయిపోతారా?" అంటారు. కాము. గుండ్రంగా ఉన్నదల్లా తామర కాదనీ మాకు తెలుసు. అనుమానమొస్తే డాక్టరు పొట్టు గీకి మైక్రోస్కోపులో చూస్తారు. మన బొమ్మలు వైద్యం చెయ్యడానికి కాదు, షాపుకి కాకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలని గుర్తు చెయ్యడానికి. దురద తగ్గగానే మందు ఆపెయ్యకుండా చెప్పినన్నాళ్ళూ వాడడానికి.

నడుము దగ్గరో తొడల మధ్యో వస్తే సిగ్గుపడి నెలల తరబడి దాచుకునేది మనమే కదా. నోటితో చెప్పలేని మాట బొమ్మ చెబుతుంది. ఫ్రిజ్ మీద అంటించండి. నవ్వేవాళ్ళని నవ్వనివ్వండి, వాళ్ళకీ గుర్తుండిపోతుంది.