వన్నె తగ్గని వార్ధక్యం

వార్ధక్యాన్ని హుందాగా స్వీకరించడంలో ఫ్రెంచివారు నేర్పరులని ప్రతీతి. ఆర్ల్ నగరవాసి జాన్ కాల్మాన్ (1875–1997) 122 సంవత్సరాలు జీవించింది. 85వ ఏట ఆమె కత్తిసాము అభ్యసించిందని చెబుతారు. ముడతలను దాచుకోవడం కన్న జీవితంపై మక్కువను నిలుపుకోవడమే ఆ హుందాతనంలోని మర్మం.

ఈ సంస్కారం అనంతపురం మెట్టసీమలోని ముదిగుబ్బ వృద్ధులకు కొత్త కాదు. చినుకు జాడను బట్టి వేరుసెనగ విత్తే అదనును ఎరిగినవారు వారు. అయితే కరవులకు తాళలేక యువతరం బెంగుళూరుకు వలసపోగా, పల్లెలలో పెద్దలు ఒంటరులవుతున్నారు. తల్లిదండ్రుల పోషణ సంతానం బాధ్యత అని 2007 నాటి చట్టం శాసించింది. 2024 జూలై నుండి రాష్ట్రప్రభుత్వం వృద్ధాప్య పింఛనును నెలకు 4,000 రూపాయలకు పెంచింది. ఇవి అవసరమే. కాని పింఛను ఆకలిని తీర్చగలదే గాని, మంచిచెడ్డలు అడిగేవారు లేని లోటును తీర్చలేదు.

కదిరి సమీపంలోని తిమ్మమ్మ మర్రిమాను శతాబ్దాల వయస్సులోనూ విస్తరిస్తూనే ఉన్నది. అది దించిన ఊడలే నేడు దానిని మోస్తున్నాయి. ఇంటి పెద్దలకు అట్టి ఊడలు యువతీయువకులే. వృద్ధుల హుందాతనంలో వారి సాధన ఎంత ఉన్నదో, వారి మాటకు విలువనిచ్చే ఇంటి పాలు కూడా అంతే ఉన్నది.