విశ్రాంతే మందు అనకండి

సంపాదకులకు,

గత సంచికలోని నరాల జబ్బుల వ్యాసంలో, షార్కో-మారీ-టూత్ వ్యాధి ఉన్నవాళ్లు కండరాలను శ్రమపెట్టకుండా విశ్రాంతి తీసుకోవడమే మేలని రాశారు. వంశపారంపర్యంగా వచ్చే ఈ వ్యాధి మా నాన్నగారికి ఉండేది, నాకూ ఉంది. ఆ సలహాను ఒప్పుకోలేను.

నరం దెబ్బతింటే కండరం చిక్కిపోతుంది, నిజమే. కానీ కదలడం మానేస్తే, వ్యాధి ఇంకా తీసుకుపోని బలాన్ని కూడా చేజేతులా పోగొట్టుకుంటాం. సిడ్నీ పరిశోధకులు ఈ వ్యాధి ఉన్న 60 మంది పిల్లలతో చేసిన అధ్యయనం 2017లో లాన్సెట్ వారి పిల్లల వైద్య పత్రికలో వచ్చింది. అందులో సగం మందికి పాదాన్ని పైకెత్తే కండరానికి ఆరు నెలలపాటు, వారానికి మూడుసార్లు, క్రమంగా బరువు పెంచుతూ వ్యాయామం చేయించారు. మిగతావాళ్లది నామమాత్రపు వ్యాయామం. రెండేళ్లకు చూస్తే, మొదటివాళ్లలో బలం తగ్గడం నెమ్మదించింది. కండరానికి హాని కనిపించలేదు. జబ్బు నయం కాలేదు, అది వేరే సంగతి. తడబడే పాదాలతో నడిచేవాళ్లకు ఆ కొద్దిపాటి బలమే ఎంతో విలువైనది!

అలాగని జిమ్‌కు వెళ్లి బరువులెత్తమనడం లేదు. నొప్పి మర్నాటికీ తగ్గకపోతే మోతాదు తగ్గించాలి. మడమ వెనక స్నాయువు బిగుసుకోకుండా సాగదీయాలి. స్పర్శ తగ్గిన పాదాలకు పుండ్లు పడ్డాయేమో రోజూ చూసుకోవాలి. పాదం వేలాడుతుంటే పట్టీ వేసుకోవాలి. ఇవన్నీ ఫిజియోథెరపిస్టు మనిషిని చూసి నిర్ణయించాల్సినవి. వాళ్లలో ఒకరిచేత వచ్చే సంచికలో వివరంగా రాయించండి.

— ఒక పాఠకురాలు, తెనాలి