రాతి వయసు అడిగితే ఈమాన్ చెడదు

కొన్నేళ్ల క్రితం విడపనకల్లులో మా ఇంటికి దగ్గరి పొలంలో బోరు వేస్తుంటే పిల్లలంతా చుట్టూ చేరారు. నీళ్లు పడలేదు. బూడిదరంగు రాతి పొడి మాత్రం కుప్పగా పడింది. నా దగ్గర చదువుకునే అబ్బాయి ఒకడు గుప్పెడు పొడి తెచ్చి, "ఉస్తాద్, ఈ రాయి ఎప్పటిది?" అని అడిగాడు. "అల్లాహ్‌కే ఎరుక. ఇలాంటివి అడిగితే ఈమాన్ చెడుతుంది" అని కసిరాను. ఆ తర్వాత వాడు నన్ను ఏ ప్రశ్నా అడగలేదు. తప్పు నాదేనని ఒప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

వాడి ప్రశ్నకు జవాబు ఉంది. మన అనంతపురం పీఠభూమి అడుగున ఉన్న గ్రానైటు జాతి రాళ్లలో చాలా భాగం 250 కోట్ల సంవత్సరాలకు పైబడినవి. ఇది ఊహ కాదు. రాతిలోని జిర్కాన్ అనే సన్నని పలుకులలో యురేనియం ఒక స్థిరమైన వేగంతో సీసంగా మారుతుంది. ఎంత మారిందో కొలిస్తే వయసు తేలుతుంది. ఈ పద్ధతితోనే ఉల్కలను పరీక్షించి భూమి వయసు సుమారు 454 కోట్ల సంవత్సరాలని నిర్ణయించారు.

తూర్పున కడప జిల్లా వేంపల్లె ప్రాంతపు సున్నపురాతిలో ఇంకో వింత ఉంది. ఉల్లిగడ్డను కోసినట్టు పొరలు పొరలుగా చిన్న చిన్న గుమ్మటాలు కనిపిస్తాయి. వీటిని స్ట్రోమటోలైట్లు అంటారు. అక్కడ ఒకప్పుడు లోతు తక్కువ సముద్రం ఉండేది. కంటికి కనిపించని సూక్ష్మజీవులు నాచులా పరుచుకుని, సన్నటి బురదను పట్టి ఉంచి, పొరపై పొరగా కట్టిన కట్టడాలివి. వీటికి పైనున్న పొరలలోకి పులివెందుల దగ్గర చొచ్చుకువచ్చి గట్టిపడిన శిల వయసే సుమారు 188 కోట్ల సంవత్సరాలు. కనుక కిందనున్న గుమ్మటాలు అంతకంటే పాతవి. ఇలాంటి జీవులే ఎండతో ఆహారం తయారు చేసుకుంటూ ప్రాణవాయువును వదిలాయి. నేడు మనం పీల్చే గాలి అలా సిద్ధమైంది.

"ఆరు దినాల సృష్టి మాటేమిటి?" అని కొందరు పెద్దలు అడుగుతారు. అరబీలో 'యౌమ్' అంటే పగలూ రేయీ మాత్రమే కాదు. వేయి సంవత్సరాల దినం గురించీ, యాభై వేల సంవత్సరాల దినం గురించీ దివ్య ఖురానే ప్రస్తావించింది. భూమిపై సంచరించి సృష్టి ఎలా ఆరంభమైందో చూడమని అన్‌కబూత్ సూరా ఆదేశిస్తుంది. వెయ్యేళ్ల క్రితం అల్ బిరూనీ చేసింది అదే. కొండల దగ్గర నదులలో పెద్ద గుండ్రాళ్లు, దూరం పోయేకొద్దీ చిన్న రాళ్లు, చివరకు ఇసుక ఉండటం చూసి, ఉత్తర హిందూ మైదానం ఒకప్పుడు సముద్రమనీ, నదుల ఒండ్రుతో పూడిందనీ ఆయన రాశాడు.

అలాగని ఈ కోట్ల లెక్కలన్నీ ఖురాన్‌లోనే ఉన్నాయని చాటడమూ సరికాదు. అది మార్గదర్శక గ్రంథం. రాళ్ల లెక్కల పుస్తకం కాదు. లెక్క కట్టే బుద్ధిని అల్లాహ్ మనిషికిచ్చాడు. ఆ బుద్ధిని వాడమన్నాడు.

కాబట్టి తల్లిదండ్రులకు, నాతోటి ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. పిల్లలు అడిగితే కసరకండి. తెలిస్తే చెప్పండి. తెలియకపోతే "కనుక్కుందాం, రా" అనండి. వీలైతే ఒకసారి వేంపల్లె వైపు తీసుకువెళ్లి ఆ గుమ్మటాలను చూపించండి. ప్రశ్నతో ఈమాన్ చెడదు. ప్రశ్నను నొక్కేస్తే మాత్రం పిల్లవాడు మనకు దూరమవుతాడు. అల్లాహ్ మనందరికీ మేలు చేసే ఇల్మ్‌ను ప్రసాదించుగాక!