కంపెనీ క్వార్టరుకు అలంకారమెందుకు?

తక్కువ ఖర్చుతో ఇంటికి కొత్త అందం తెచ్చుకోవడం ఎలా అన్న విషయం మీద పత్రికల ఆదివారం అనుబంధాలలో వ్యాసాలు తరచుగా కనిపిస్తుంటాయి. ఫాల్స్ సీలింగు, గోడలకు అంటించే రంగుల కాగితం, మాడ్యులర్ వంటగది, సోఫాకు జోడైన బరువైన తెరలు! చదివినప్పుడల్లా నాకొక సందేహం కలుగుతుంది. ఈ సలహాలు ఇచ్చేవారు గోదావరిఖనిలో ఒక్క వేసవి అయినా గడిపి ఉంటారా? పొద్దున తుడిచిన కిటికీ అంచు మీద సాయంత్రానికి వేలితో అక్షరాలు రాయగలిగేటంత నల్లదుమ్ము పేరుకోవడం చూసి ఉంటారా?

మా ప్రాంతంలో చాలా కుటుంబాలకు ఇల్లు అంటే సింగరేణి క్వార్టరే. రెండు చిన్న గదులు, వంటగది, ముందొక వరండా. ఆ ఇంటిని కాస్త బాగుచేసుకోరాదా అంటే అందరి నోటా వచ్చే జవాబు ఒక్కటే: "ఇది మనిల్లా సార్? రిటైరైన నాడు తాళంచెవి అప్పజెప్పి పోయేదేనాయె. దీనికి పైసలు పెట్టుడెందుకు?"

ఈ మాటతో నాకు పేచీ ఉంది. పాతికేళ్ల వయసులో ఉద్యోగంలో చేరినవాడు 61 ఏళ్లకు విరమిస్తాడు. అంటే ముప్పయ్యారు సంవత్సరాలు. పిల్లలు తప్పటడుగులు వేసిందీ, పలకా బలపం పట్టిందీ, జ్వరమొచ్చి మూలుగుతూ పడుకున్నదీ ఆ రెండు గదులలోనే. విరమణ తరువాత చేతికొచ్చిన డబ్బుతో పెద్ద ఇల్లు కట్టి, పైకప్పు నిండా దీపాలు అమర్చే నాటికి ఆ పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. అలంకరించిన గదులకు తాళాలు పడతాయి. మనుషులు ఉన్నన్నాళ్లూ పట్టించుకోని ఇంటిని, మనుషులు వెళ్లిపోయాక సింగారించడం ఏమి న్యాయం? చట్టం ప్రకారం ఇల్లు ఎవరిదైనా కావచ్చును. బతుకు ప్రకారం మనం నివసించిన ఇల్లే మన ఇల్లు.

ఉపాధ్యాయులకు జనగణన విధులు తప్పవు. 2011 జనాభా లెక్కలకు ముందు, 2010లో ఇళ్ల జాబితా తయారు చేసేటప్పుడు గోడ దేనితో కట్టారు, కప్పు దేనిది, నేల ఎలాంటిది అని గడప గడపకూ తిరిగి రాసుకోవలసి వచ్చింది. ఇంటి స్థితికి ఆ పత్రంలో ఉన్నవి మూడే మెట్లు: బాగుంది, నివాసయోగ్యం, శిథిలం. పక్కపక్కనే ఉండే ఒకే నమూనా క్వార్టర్లు. లెక్కలో రెండూ సమానమే. కానీ ఒకదానిలో అడుగుపెడితే ప్రాణం కుదుటపడేది, మరొకదానిలో ఊపిరి సలిపేది కాదు. ఆ తేడా డబ్బు వల్ల వచ్చింది కాదని అప్పుడే గ్రహించాను. ఇద్దరి జీతమూ ఒకటే.

మన పూర్వులు దీనిని కళగానే లెక్కించారు. వాత్స్యాయనుడు చెప్పిన అరవై నాలుగు కళలలో బియ్యంతోనూ పూలతోనూ ముగ్గులు తీర్చడం ఒకటి, శయనరచన ఒకటి. శయనరచన అంటే పడకను తీర్చిదిద్దడం. బొగ్గుగనుల సీమలో ఆ కళకున్న విలువ మరెక్కడా ఉండదని నా నమ్మకం. ఎందుకంటే ఇక్కడ ఇంటి యజమాని నెలలో కొన్ని వారాలు పగటిపూట నిద్రపోవాలి. రాత్రి షిఫ్టు చేసి పొద్దున ఇల్లు చేరినవాడికి నిద్ర చాలకపోతే, ఆ మరుసటి రాత్రి భూగర్భంలో అతని కళ్లు మూతపడతాయి. అక్కడ ఒక్క కునుకు ప్రాణాంతకం. కాబట్టి మా ఇళ్లకు అందాన్ని కొలిచే మొదటి కొలత ఇదీ: పట్టపగలు ఆ గదిలో నిద్ర పడుతుందా, లేదా?

దానికి వేలు ఖర్చు చేయనక్కరలేదు. పాత చీరలు నాలుగు పొరలుగా వేసి కుట్టిన బొంత ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఆ బొంతకు నల్లగుడ్డ అస్తరు వేసి, కిటికీకి తీగ కట్టి వేలాడదీస్తే వెలుతురూ ఆగుతుంది, పడమటి ఎండా ఆగుతుంది. వారానికొకసారి తీసి ఉతుక్కోవచ్చు. దుకాణంలో కొన్న మందపాటి తెర ఉతకడానికి బరువు, దులపడానికి దుమ్ము.

రెండవ కొలత దుమ్ము. ఏ వస్తువైనా కొనబోయే ముందు, దీనిని రోజూ తుడిచేది ఎవరు అని ప్రశ్నించుకోవాలి. తుడిచేది ఇల్లాలే. ఫాల్స్ సీలింగు అంచులు, చెక్కిన చట్రాలు, ప్లాస్టిక్ పూలగుత్తులు, గాజు అలమారలోని బొమ్మలు, ఇవన్నీ ఆమె నడుముకు పడే బరువులే. ఒకరి చాకిరీ మీద నిలిచే అందాన్ని నేను అందమనలేను. పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ము లేచి మళ్లీ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. తడిగుడ్డతో ఒక్కమారు తుడవగలిగిన నున్నని సజ్జలు, నున్నని నేల మేలు. పెళ్లిళ్లలో పేర్లు చెక్కించి ఇచ్చిన స్టీలు గిన్నెలను సజ్జ మీద వరుసగా బోర్లించే మన అలవాటును చూసి నవ్వేవారున్నారు. నేను నవ్వను. తోమితే మెరిసే వస్తువు, వాడుకునే వస్తువు, బంధువుల పేర్లున్న వస్తువు! దానికి మించిన అలంకారం ఏ దుకాణంలో దొరుకుతుంది?

మూడవది వేడి. రామగుండం ఎండలు మీకు వార్తల్లో పరిచయమే. 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు. ఇంటి కప్పుకు తెల్లరంగు వేసి వేడి తగ్గించే ఆలోచనను తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానంగా ప్రకటించింది. పేరు కొత్తదే గాని పని పాతదే. వేసవి ముందు డాబాకు రెండు చేతులు సున్నం కొట్టించడం మన తాతలనాటి పద్ధతి. గోడలకైనా నా ఓటు సున్నానికే. సున్నాన్ని రెండు రోజులు నానబెట్టి, గుడ్డతో వడకట్టి, చేతికి అంటకుండా ఉండేందుకు కాస్త తుమ్మబంక కలిపి, చిటికెడు నీలిమందు వేస్తే గది పొద్దుటి వెలుగులా ఉంటుంది. గోడలోని చెమ్మ బయటికి పోయే వీలు ఉంటుంది. ఒక మెలకువ మాత్రం పాటించాలి: పాత ఆయిల్ పెయింటు మీద సున్నం నిలవదు, ముందు దానిని గీకించాలి. ఒక గదికి సున్నం సామగ్రి ఖర్చు మంచి ఫ్యాను వెలను మించదు. కేరళలో లారీ బేకర్ అనే వాస్తుశిల్పి జీవితమంతా చెప్పినదీ, కట్టి చూపినదీ ఇదే: స్థానికంగా దొరికేది వాడండి, అనవసరమైనది వదలండి.

ఇంతా చేసి ఇంటిని ఆసుపత్రి గదిలా ఉంచమని అనను. ఒక గోడ మన కథ చెప్పాలి. నేల మీద వరంగల్ దుర్రీ ఒకటి పరచవచ్చు. ఉతికితే మళ్లీ కొత్తదవుతుంది. గోడకు నిర్మల్ చిత్రమో, చేర్యాల నకాషీ బొమ్మో చిన్నది చాలు. అన్నిటికంటె మిన్నగా, ఒకనాడు తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన తండ్రి ఫొటో. చాలా ఇళ్లలో ఆ ఫొటో బీరువా వెనుకనో ట్రంకుపెట్టె అడుగునో ఉంటుంది, గోడ మీద మాత్రం ఊరూ పేరూ తెలియని విదేశీ జలపాతం ఉంటుంది.

వంటగదిలో మాత్రం పిసినారితనం వద్దు. డబ్బు మిగిలితే మొదట అక్కడే, పొయ్యి మీద మంచి దీపానికీ, పొగను బయటికి లాగే ఫ్యానుకూ ఖర్చు పెట్టండి. ఆ తరువాత పిల్లలకు ఒక మూల. తండ్రి పగలు నిద్రపోతుంటే చప్పుడు చేయకుండా వరండాలో ముడుచుకుని కూర్చుని హోంవర్కు చేసే పిల్లలు ఎందరో నా తరగతుల్లో ఉండేవారు. వరండా గోడకు ఒక పలక చెక్కను బిగించి, పైన చిన్న దీపం పెడితే చాలు, అది వాళ్లకు సరస్వతీ పీఠమవుతుంది.

ఈ పనుల్లో ఏదీ గోడను కూల్చేది కాదు, కంపెనీ అనుమతి కోరేది కాదు. వెళ్లేనాడు బొంత మడిచి, దుర్రీ చుట్టి, తండ్రి ఫొటో దించి వెంట తీసుకుపోవచ్చు. సున్నం మాత్రం అక్కడే ఉండిపోతుంది. ఉండనివ్వండి. తరువాత వచ్చే కుటుంబంలోనూ రాత్రి షిఫ్టు నుంచి అలసి వచ్చేవాడొకడు ఉంటాడు. తలుపు తీయగానే అతనికి తెల్లని గోడ కనిపించడం వృథా ఖర్చని నేననుకోను.