రోడ్డంచున చిన్న గట్టు

మలుపు లేదు, వాన లేదు, దారికి ఏదీ అడ్డు రాలేదు. అమెరికాలో ఓ పల్లె రోడ్డు మీద తిన్నగా పోతున్న కారు ఉన్నట్టుండి అడ్డం తిరిగి, ఎదురు బండ్లు వచ్చే వైపు దూసుకెళ్లి బోల్తా పడుతుంది. డ్రైవరు తాగి ఉంటాడనో, కునుకు తీసి ఉంటాడనో అనుకుంటాం. ఇలాంటి ప్రమాదాల ఆరా తీసిన ఇంజినీర్లకు చాలాచోట్ల మరో దోషి కనిపించింది. తారురోడ్డు అంచు!

పాత రోడ్డు మీద కొత్త తారు వేసిన ప్రతిసారీ రోడ్డు కాస్త ఎత్తు పెరుగుతుంది. పక్కనున్న మట్టి పెరగదు సరికదా, వానలకు కొట్టుకుపోతుంది. చక్రాల కింద నలిగి గుంటపడుతుంది. దాంతో అంచు చిన్న గోడలా నిలబడుతుంది. రెండు మూడంగుళాలే కదా అనిపిస్తుంది. కానీ కుడి చక్రం (అక్కడ బండ్లు నడిచేది కుడివైపున) ఆ గట్టు దిగిందంటే డ్రైవరు కంగారుగా స్టీరింగ్ ఎడమకు తిప్పుతాడు. చక్రం గట్టును ఒరుసుకుంటుందే గానీ ఎక్కదు. ఇంకాస్త తిప్పుతాడు. అప్పుడు ఒక్కసారిగా ఎక్కేస్తుంది. చక్రాలు అప్పటికే బాగా పక్కకు తిరిగి ఉంటాయి కనుక కారు అవతలి వైపుకు దూకుతుంది. అంతా రెప్పపాటులో అయిపోతుంది. వేగం తగ్గించుకుని మెల్లగా రోడ్డెక్కాలని డ్రైవింగ్ నేర్పేవాళ్లు చెబుతూనే ఉంటారు. ఆ క్షణంలో గుర్తొచ్చేదెవరికి? లారీకి దారిచ్చి మట్టిలోకి దిగిన బైకు మళ్లీ తారెక్కబోయి పడిపోవడం మన పల్లెల్లోనూ తెలియనిదేం కాదు.

మనిషి కంగారును మార్చలేం కనుక అంచునే మార్చారు. నిట్టనిలువుగా వదలకుండా 30 డిగ్రీల వాలుగా తీరిస్తే, దిగిన చక్రం తేలిగ్గా పైకొచ్చేస్తుంది. దీని పేరు 'సేఫ్టీ ఎడ్జ్'. తారు పరిచే పేవర్ యంత్రం చివర ఓ ఇనుప అచ్చు బిగిస్తారు, అంతే. వేడి తారును అదే ఒత్తుకుంటూ పోతుంది. అదనంగా పట్టే తారు ఒక్క శాతం లోపే. జార్జియా రాష్ట్రం 2000 దశకం తొలినాళ్లలోనే దీన్ని వేసి చూసింది. తర్వాత అమెరికా ఫెడరల్ హైవే విభాగం అన్ని రాష్ట్రాలకూ సిఫార్సు చేసింది. దీనివల్ల మరణాలకూ గాయాలకూ దారితీసే ప్రమాదాలు 11 శాతం, బండి రోడ్డు దిగిపోయే ప్రమాదాలు 21 శాతం తగ్గుతాయని ఆ విభాగం లెక్క. పైగా ఒత్తిన అంచు నిలువు అంచులా త్వరగా పెచ్చులూడదు.

ఇంతా చేసి, పని ముగిశాక ఆ వాలు ఎవరికీ కనిపించదు. రోడ్డుకు సమంగా మట్టి పోసి కప్పేస్తారు. నాలుగు వానలు పడి ఆ మట్టి కొట్టుకుపోయాకే దానితో పని పడేది.