తెల్లబోయిన ముఖములు

గత సంవత్సరము పదవ తరగతి విద్యార్థులు పరీక్షకు దరఖాస్తులు పెట్టుకొను దినములలో ఒక బాలిక తన ఫొటోలను తెచ్చి నా బల్లపై నుంచెను. అవి యొక ఫొటో దుకాణమున తీయించినవి. ఆమె చామనచాయ పిల్ల. చిత్రములోని పిల్ల మాత్రము పిడుగురాళ్ల సున్నము కొట్టిన గోడవలె తెల్లగా నుండెను. ముక్కు ప్రక్కనుండు పుట్టుమచ్చ సయితము మాయమయ్యెను. తోడుగా వచ్చిన నాయనమ్మ ఆ చిత్రమును చేతబట్టుకొని కొంతసేపు చూచి, "ఈ పిల్ల ఎవరయ్యా?" అని నన్నడిగెను. అక్కడనున్న వారందరు నవ్విరి. ఆ బాలిక మాత్రము నవ్వలేదు.

మన భాషలో 'ముఖము తెల్లబోవుట' యనగా చిన్నబోవుట. ఆనాడు ఆ పిల్ల ముఖము రెండు విధములను తెల్లబోయినది. అందుచేతనే ఈ సంచికలో ఈ విషయమును గూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాను.

నా అభిప్రాయమిది: ముఖచిత్రమును తీయువాని మొదటి ధర్మము ఎదుటి మనిషిని ఆ మనిషిగనే చూపుట. అందుకు కావలసినది రంగు మార్చెడి యంత్రము కాదు, వెలుతురును గూర్చిన జ్ఞానము. ఆ జ్ఞానము ఖర్చులేనిది, బాలబాలికలకు నేర్పదగినది.

నేనీ విద్యలో పండితుడను కాను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నల్లబల్లపై బొమ్మలు వేయుట నేర్పిరి గాని కెమేరా పట్టుట నేర్పలేదు. నలువది యేండ్లు దాటిన పిమ్మట ఒక పాత కెమేరా కొని, వేసవి సెలవులలో మిట్టమధ్యాహ్నము మా అమ్మను వాకిటిలో నిలువబెట్టి మొదటి ముఖచిత్రమును తీసితిని. కనుగుంటలలో కాటుక పోసినట్లు నీడలు. ముక్కు క్రింద మీసమువంటి మరియొక నీడ. ఆమె దానిని చూచి, "నన్ను దయ్యాన్ని చేశావు గదరా!" అనెను. మరునాటి సాయంకాలము అదే కెమేరాతో వసారాలో, తలుపు దగ్గర కూర్చుండబెట్టి తీసితిని. ఈ మారు ఆమె ముడుతలలోని నెమ్మదియు, కన్నులలోని చల్లదనమును చిత్రములోనికి వచ్చినవి. కెమేరా మారలేదు, అమ్మ మారలేదు, వెలుతురొక్కటియే మారినది.

పల్నాటి యెండ మనకు క్రొత్త గాదు. రెంటచింతల యెండలు రాష్ట్రమంతటను పేరుపడినవే. మే మాసారంభమున మధ్యాహ్నవేళ సూర్యుడు సరిగా మన నడినెత్తిపైనుండును. పైనుండి పడు వెలుతురు నుదుటిని, ముక్కుకొనను మెరపించి కన్నులను చీకటిలో త్రోయును. కావున ఆ వేళ ఆరుబయట ముఖచిత్రములు తీయరాదు. అయితే ఈ యెండకు వెరచి మన పెద్దలు కట్టుకొనిన నాపరాతి యిండ్లు ఛాయాగ్రాహకునికి వరములు. మందపు గోడలు, లోపల చీకటి, ఒక్కటే వాకిలి. ఆ వాకిలియే మీకు ఉచితమైన దీపము.

విద్యార్థులారా, ఇట్లు చేసి చూడుడు. మనిషిని ఎండ తగులకుండ వాకిటికి రెండు మూరల లోపల కూర్చుండబెట్టుడు. ముఖమును కొంచెము వెలుతురు వైపునకు త్రిప్పుడు. ఒక చెంప వెలుగును; రెండవ చెంపపై మెల్లగా నీడ దిగును. ఆ నీడయే ముఖమునకు గుండ్రనమును, ప్రాణమును ఇచ్చును. నీడ మరీ నల్లనయినచో ఆ వైపున తెల్లని పంచె నొకదానిని పట్టి నిలువుమని తమ్మునితో చెప్పుడు. పంచెపై పడిన వెలుతురు మరలి చెంపపై పడును. కన్నులలో వాకిలి చిన్న చుక్కవలె మెరయుచున్నదా యని చూచుడు. ఆ చుక్క లేనిచో చూపు నిర్జీవముగా నుండును. రాత్రివేళ బల్బుతో తీయునప్పుడు భౌతికశాస్త్ర పాఠమును జ్ఞప్తికి దెచ్చుకొనుడు: దీపమునకు దూరము రెండింతలైన, ముఖముపై పడు వెలుతురు నాలుగవ వంతగును.

"నల్లనివారికి ఫొటో సరిగా రాదు" అని మనలో ననేకులందురు. ఇది అజ్ఞానము. కెమేరా తన యెదుటనున్న దృశ్యమంతయు సగటున మధ్యరకపు బూడిదరంగుతో సమానమని యెంచి వెలుతురును కొలుచుకొనును. తెల్లని గోడముందు మనిషిని నిలిపిన, అది గోడను జూచి వెలుతురెక్కువైనదని భ్రమపడి తగ్గించును, ముఖము మసిబారును. దోషము చర్మమునది కాదు, కొలతది. గోడను విడిచి ముదురురంగు వెనుకతెర ముందు కూర్చుండబెట్టుడు. కొలతను ముఖము మీదనే తీయుడు. చేతిఫోనులో అయినచో తెరపైనున్న ముఖమును వ్రేలితో తాకిన చాలును. నల్లని మేని అందము దానిపై జారు మెరుపులోనున్నది. ప్రక్కనుండి వచ్చు విశాలమైన, మెత్తని వెలుతురులో ఆ మెరుపు బాగుగా కానవచ్చును.

ఈ అన్యాయము మన దుకాణములలోనే పుట్టినది కాదు. రంగుల ఫిల్ము కాలమున అమెరికాలోని కొడాక్ సంస్థ, ముద్రణలో రంగులు సరిచూచుకొనుటకై పంపిన నమూనా చిత్రములలో చాలకాలము తెల్లని స్త్రీలే యుండిరి. వానిని 'షెర్లీ కార్డు' లనెడివారు. తెల్లని చర్మమే కొలబద్దయైనప్పుడు తక్కిన చర్మములన్నియు తప్పులుగా కనబడుట వింతగాదు.

ఈ కళ అభ్యాసకులకు దక్కదనుకొనవలదు. జూలియా మార్గరెట్ కామెరాన్ అను నామె 1815లో కలకత్తాలో జన్మించి, తన నలుబదియెనిమిదవ యేట, అనగా 1863లో, కుమార్తెయు అల్లుడును కానుకగా ఇచ్చిన కెమేరాతో ఆరంభించి, టెన్నిసన్, డార్విన్ మొదలగువారి ముఖచిత్రములను తీసెను. అవి స్ఫుటముగా లేవని విమర్శకులు ఆక్షేపించిరి. నేడు లోకము వానిని గౌరవించుచున్నది. మన హైదరాబాదు నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్ దయాళ్ రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ఉద్యోగము చేయుచు 1874 ప్రాంతమున వినోదార్థమే ఈ పని చేపట్టెను. ఘోషాస్త్రీలు సంకోచము లేక చిత్రములు తీయించుకొనుటకై ఆయన 1892లో హైదరాబాదున ప్రత్యేకముగా ఒక స్టూడియో నేర్పరచి, దానిని ఒక ఆంగ్ల వనిత కప్పగించెను. ఎదుటివారి మనస్సు కుదుటపడనిదే ముఖమున కళ రాదని ఆయన యెరుగును. మనము చిత్రము తీయు ముందు ఒక లోటా మంచినీళ్లిచ్చి రెండు మాటలాడుటయు ఈ విద్యలో భాగమే.

"పిల్ల తెల్లగా కనబడవలెనని తల్లిదండ్రులే కోరుదురు, పెండ్లి సంబంధములకు పంపవలసిన ఫొటోలు గదా" అని కొందరనవచ్చును. దుకాణదారుని నేను నిందింపను. అడిగినది ఇచ్చుట ఆతని జీవనము. నేను తల్లిదండ్రులను వేడుకొనుచున్నాను. తెల్లబరచిన ప్రతి చిత్రమును పిల్లకు "నీవు ఉన్నట్లుంటే చాలవు" అని చెప్పును. ఆ మాటను ఆమె మరువదు. మీ చేతిఫోనులో చర్మమును నునుపుచేయు ఏర్పాటు ఏదైన నున్నచో, ముందు దానిని ఆపివేయుడు.

ఆ బాలికను మరునాడు మా తరగతిగది వాకిట కూర్చుండబెట్టి, నాయనమ్మతో మాటలాడించుచు ఒక చిత్రము తీసితిని. ఆమె దానిని కొంతసేపు చూచి, "మచ్చ వచ్చింది సార్" అని మాత్రము అనెను. దరఖాస్తుపై దానినే అంటించితిమి.

మన యిండ్లలో ఎందరి తాతలకో గుర్తింపు కార్డుపై నున్నది తప్ప వేరు ఫొటో లేదు. వారు గతించిన పిమ్మట దానినే పెద్దది చేయించి దండ వేయుదుము. ఈ సెలవులలో ప్రతి విద్యార్థియు తన యింటి పెద్ద నొకరిని వాకిటి వెలుతురులో కూర్చుండబెట్టి, రంగు మార్చక, ముడుతలు చెరుపక, ఒక్క చిత్రము తీసి తెచ్చునుగాక. వానినన్నిటిని మన పాఠశాల వసారాలో వరుసగా పెట్టుదము. ఆ ముఖములు వారివిగనే యుండవలెను, చూడవచ్చిన నాయనమ్మలెవ్వరును "వీరెవరయ్యా?" అని యడుగరాదు.